ఏటా కంటి పరీక్ష: ఎనుమాముల గుమస్తా రివ్యూ

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్ ఏజెంటు) దుకాణంలో గుమస్తాను నేను. పొద్దున కూర్చుంటే రైతుకిచ్చే అమ్మకం చీటీలైన తక్‌పట్టీలు, కాంటా లెక్కలు, హమాలీ, కమీషన్, అన్నీ చిన్న గళ్లల్లో చిన్న అంకెలే. ఒక సున్నా అటు ఇటైతే రైతుతో పంచాయితీ. దానికి తోడు షుగర్ ఉంది. మా బాపుకు నీటికాసులతో (గ్లాకోమా) ఒక కన్ను పూర్తిగా పోయింది. అందుకే ఏళ్ల తరబడి ఏటా కళ్లు చూపించుకుంటున్నాను. హన్మకొండ ప్రైవేటు దవాఖానలు, వరంగల్ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, సర్కారు కంటి వెలుగు శిబిరం, అద్దాల షాపుల ఫ్రీ కంప్యూటర్ టెస్టు, అన్నీ అనుభవమే. ఈ రివ్యూ ఏ దవాఖాన గురించీ కాదు, పరీక్ష గురించే. లోపల ఏం చేస్తారు, ఏది పనికొచ్చింది, ఎక్కడ విసుగొచ్చింది అన్నదే రాస్తున్నాను.

ముందు ఎప్పుడు పోవాలో చెప్తాను. మార్కెట్లో మిర్చి జోరుగా వచ్చే రోజుల్లో యార్డు నుంచి నేరుగా పోవద్దు. ఘాటుకు కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతుంటే మెషీన్ రీడింగు నిలవదు, ఒక్కోసారి ఒక్కో నంబరు చూపిస్తుంది. నేను సీజన్ తగ్గాక జూన్‌లో పోతాను. పాత అద్దాలు, పాత చీటీలు, మందుల పేర్లు, ఈ మధ్య చేయించిన షుగర్ రిపోర్టు జేబులో ఉండాలి. ఓపీ చీటీ రాసే దగ్గరే బీపీ ఉందా, ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నాయా అని అడుగుతారు. 'ఏం లేదమ్మా' అని తోసేయకండి. తల్లిదండ్రుల్లో ఒకరికి నీటికాసులు ఉంటే మన కంటి నరాన్ని డాక్టర్లు ఇంకొంచెం జాగ్రత్తగా చూస్తారు.

మొదటి మెషీన్ దగ్గర గడ్డం ఆనించి లోపలికి చూస్తే దూరంగా రోడ్డు, దాని చివర రంగుల బెలూను కనిపిస్తుంది. ఆ బొమ్మ ఒకసారి మసకబారి మళ్లీ తేటపడుతుంది. కన్ను దగ్గరి చూపు కోసం బిగుసుకోకుండా, దూరం చూస్తున్నట్టు వదులవడానికే ఆ ఏర్పాటు. క్షణాల్లో కాగితం మీద నంబరు వస్తుంది. అద్దాల షాపులో 'కంప్యూటర్ టెస్టు' అనేది దీన్నే. అది అందాజా నంబరు మాత్రమే. అక్కడి నుంచి మొదలుపెట్టి మనిషి కూర్చుని సరిచేయాలి. ఆ కాగితం ఒక్కదాంతో అద్దాలు చేయించుకున్న మా మార్కెట్ వాళ్లు కొందరు తలనొప్పి అని నా దగ్గర మొత్తుకున్నారు.

తర్వాత గాలి కొట్టే మెషీన్. కంటి మీదికి ఫట్‌మని గాలి వస్తుంది. నొప్పి ఉండదు, కానీ ఎన్నేళ్లయినా నేను ఉలిక్కిపడుతూనే ఉన్నాను. కంటి లోపలి ఒత్తిడిని కొలిచేది ఇది. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలంటారు. ఎక్కువ వస్తే డాక్టరు పసుపు రంగు చుక్క వేసి, నీలం లైటుతో కంటికి ఆనించి మళ్లీ కొలుస్తారు. తిమ్మిరి మందు ముందే వేస్తారు కాబట్టి ఏమీ తెలియదు. ఒత్తిడి సరిగ్గా ఉన్నంత మాత్రాన నీటికాసులు లేవని కాదు. ఒత్తిడి మామూలుగా ఉండి నరం దెబ్బతినేవాళ్లూ ఉంటారు. నాకు బాపు చరిత్ర వల్ల పక్కచూపు పరీక్ష కూడా చేస్తుంటారు. గిన్నెలాంటి తెర ముందు కూర్చుని, చిన్న లైటు మెరిసినప్పుడల్లా బటన్ నొక్కాలి. నిద్ర ముంచుకొస్తుంది. దాని ముందు టీ తాగి కూర్చోండి.

ఇక అక్షరాల చార్టు. 1862లో హెర్మన్ స్నెలెన్ అనే డచ్ డాక్టరు తయారుచేసిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. చార్టు ఆరు మీటర్ల దూరంలో ఉండాలి. గది చిన్నదైతే అద్దంలో చూపిస్తారు. 6/6 అంటే మామూలు కన్ను ఆరు మీటర్ల నుంచి చదివేది మనమూ ఆరు మీటర్ల నుంచే చదివామని. 6/60 అంటే మామూలు కన్ను అరవై మీటర్ల నుంచి చూడగలిగే పెద్ద అక్షరం మనకు ఆరు మీటర్ల దగ్గరే కనిపిస్తోందని. తెలుగు చార్టు ఉంటుంది, అడగండి. చదువురాని వాళ్లకు ఇంగ్లీషు 'E' అక్షరాన్ని నాలుగు దిక్కులా తిప్పిన చార్టు పెట్టి, కాళ్లు ఎటున్నాయో చేత్తో చూపించమంటారు. ఇక్కడ చాలామంది రెండు పనులు చేస్తారు. కన్ను చిట్లించి చదువుతారు, మూసిన కన్నును అరచేత్తో గట్టిగా నొక్కుతారు. చిట్లిస్తే లేని చూపు వచ్చినట్టు కనిపించి నంబరు తప్పుతుంది. నొక్కితే ఆ కన్ను వంతు వచ్చేసరికి మసక. సన్న రంధ్రాలున్న నల్ల బిళ్ల అడ్డం పెట్టి చదివించారంటే, లోపం అద్దాలతో పోయేదా కాదా అని చూస్తున్నారని అర్థం. ఆ రంధ్రం గుండా అక్షరాలు తేటగా కనిపిస్తే చాలావరకు అద్దాలతో సరిపోతుంది.

అద్దాలు మార్చి మార్చి చూపించే ఘట్టమే నా లెక్కన సైటుకు అసలైన పరీక్ష. బరువైన గుండ్రటి ఫ్రేము ముక్కు మీద పెట్టి, పెట్టెలోంచి ఒక్కో గాజుబిళ్ల తీసి దూరుస్తారు. 'అంకుల్, ఇది బాగుందా, ఇదా?' అని పరీక్ష చేసే అమ్మాయి అడుగుతుంటే మన వాళ్లకు ఏదో ఒకటి చెప్పకపోతే బాగుండదన్న మొహమాటం. 'రెండూ ఒకటే బిడ్డా' అనడం కూడా జవాబే. తేడా తెలియడం లేదంటే నంబరు దగ్గరికి వచ్చేసిందని వాళ్లకు తెలుస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ పలకల మీద అక్షరాలు చూపించి ఎటువైపు నల్లగా ఉన్నాయని అడిగినప్పుడు రంగు నచ్చిందా అన్నది లెక్కలోకి రాదు, అక్షరం ఎక్కడ తేటగా ఉందో చెప్పాలి. దగ్గరి చూపు కోసం చేతికిచ్చే కార్డు జానెడున్నర దూరంలో పట్టుకోమంటారు. నేను మటుకు తక్‌పట్టీ బుక్కు వెంట తీసుకుపోతాను. బల్ల మీద పెట్టి రాసే దూరం ఎంతో చూపించి, దానికి సరిపడా ఇవ్వమంటాను. కుట్టు మిషన్ వాళ్లు, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు కూడా తమ పని దూరం చెప్పాలి. అడగనిదే దాని గురించి ఆలోచించే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక ముక్క. షుగర్ బాగా పెరిగి ఉన్నప్పుడు కంటి లోపలి లెన్సులో నీరు చేరి సైటు మారిపోతుంది. అదుపులోకి వచ్చాక మళ్లీ మారుతుంది. ఆ మధ్యలో చేయించిన అద్దాలు కొద్ది వారాలకే పనికిరాకుండా పోతాయి. ఒక ఏడాది డాక్టరు సారు నా రిపోర్టు చూసి, 'ముందు షుగర్ దింపుకుని రా, అద్దాలు అప్పుడు రాస్తా' అని తిప్పి పంపారు. డబ్బులు మిగిల్చిన మాట అది.

నల్లగుడ్డును విప్పే చుక్కల మందు దగ్గర జనం ఓపిక పోగొట్టుకుంటారు. కంట్లో మండుతుంది, ఇరవై ముప్పై నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోవాలి, నల్లగుడ్డు సరిగా విచ్చుకోకపోతే మళ్లీ వేస్తారు. తర్వాత నాలుగైదు గంటలు ఫోన్‌లో అక్షరం కనపడదు, బయటి ఎండ సూదుల్లా గుచ్చుతుంది. బండి నడపవద్దు. నేను మా చిన్నోణ్ని వెంట తీసుకుపోతాను, లేకుంటే ఆటో. ఆ పూట దుకాణానికి సెలవే. అయినా ఈ పరీక్షలో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే. పిల్లలకైతే సైటు చూడ్డానికి కూడా చుక్కలు తప్పవు. వాళ్ల కన్ను దగ్గరికి బిగుసుకునే బలం ఎక్కువ కాబట్టి, మందుతో వదులు చేయకుంటే నంబరు తప్పు వస్తుంది.

విచ్చుకున్నాక డాక్టరు గడ్డం ఆనించే మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి సన్నటి లైటు వేస్తారు. పైకి చూడు, నా చెవి చూడు, కిందికి చూడు అంటారు. కళ్లు జిగేలుమంటాయి గానీ దెబ్బేమీ లేదు. లెన్సులో శుక్లం మొదలైందా, వెనక రెటీనాలో (బొమ్మ పడే పొరలో) రక్తం చిమ్మిందా, నరం మధ్య గుంట పెద్దదవుతోందా, ఇవన్నీ అప్పుడు తెలుస్తాయి. కోయకుండా రక్తనాళాలను నేరుగా చూడగలిగేది ఒంట్లో ఇక్కడే. షుగర్ వల్ల రెటీనా పాడవడం మొదట్లో మనకు ఏమాత్రం తెలియదు. చార్టులో కింది వరుస దాకా చదివేవాడికీ లోపల నష్టం జరుగుతూ ఉండొచ్చు.

ఇప్పుడు కోపం వచ్చిన సంగతులు. ఒకచోట రద్దీ ఎక్కువుందని చుక్కలు ఎగ్గొట్టబోయారు. షుగర్ పేషెంటును, నాకు తప్పకుండా వేయాలని పట్టుబడితే వేశారు. ఇంకోచోట డాక్టరు గదిలో గడిపింది తక్కువ, దవాఖానలోనే ఉన్న అద్దాల కౌంటర్లో ఎక్కువ. ఫోన్, కంప్యూటర్ల నీలి వెలుతురును ఆపే బ్లూ కోటింగు లేకుంటే కళ్లు పాడవుతాయని భయపెట్టారు. నేను తీసుకోలేదు. చీటీ మీద రాత చాలా చోట్ల ఎవరికీ అర్థం కాదు. స్ఫెరికల్ (అసలు సైటు నంబరు), సిలిండర్ (ఒక దిక్కున ఉన్న వంపు తేడాకు నంబరు), యాక్సిస్ (ఆ దిక్కు), యాడ్ (దగ్గరి చూపుకు కలిపేది) అన్న నాలుగు గళ్లల్లో మనకు అవసరమైనవి నిండాయో లేదో, ప్లస్సా మైనస్సా తేటగా రాశారో లేదో అక్కడే చూసుకోవాలి. రెండు కనుపాపల మధ్య దూరం చాలామంది రాయరు. అడిగితే కొలిచి రాస్తారు. దాంతో ఆ చీటీ పట్టుకుని నచ్చిన షాపుకు పోవచ్చు.

ఎక్కడికి పోవాలంటే, సైటు ఒక్కటే కావాలంటే మంచి షాపు చాలు. కంటి వెలుగు 2018 ఆగస్టు 15న మొదలై, రెండో విడత 2023 జనవరిలో మొదలైంది. దగ్గరి చూపు అద్దాలు అక్కడికక్కడే ఉచితంగా ఇచ్చారు. ఊళ్లలో ముసలివాళ్లకు అది పెద్ద మేలు. నాలాంటి షుగర్ వాళ్లకు, ఇంట్లో నీటికాసులు ఉన్నవాళ్లకు మాత్రం డాక్టరు, చుక్కలు, రెటీనా తప్పవు. డబ్బు ఇబ్బంది ఉంటే ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. పొద్దున్నే పోవాలి, పూటంతా అక్కడే అనుకోవాలి.

ఏటా వచ్చే తేదీ దాకా ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. ఉన్నట్టుండి కంట్లో మెరుపులు, నల్లటి చుక్కల గుంపు, పక్క నుంచి తెర దిగినట్టు చీకటి కనిపిస్తే రెటీనా ఊడుతుండొచ్చు. చుక్కల మందు వేసిన రాత్రి కన్ను ఎర్రబడి తట్టుకోలేని నొప్పి, వాంతులు, లైటు చుట్టూ రంగుల వలయాలు వస్తే లోపలి ఒత్తిడి పెరిగినట్టు. రెండింట్లో ఏదైనా తెల్లారేదాకా చూడొద్దు, అదే రాత్రి కంటి డాక్టరు ఉన్న దవాఖానకు పోవాలి.