ముందే పేర్లు రాసుకోవాలా, వచ్చినవాళ్లను కూర్చోబెట్టాలా?

పోయినసారి నల్గొండలో గేమింగ్ మేళా పెట్టినప్పుడు రోల్‌ప్లేయింగ్ టేబుళ్లు చూసుకునే పని నాకు పడింది. గడియారం సెంటర్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో చిన్న హాలు, టెంట్‌హౌస్ నుంచి తెచ్చిన కుర్చీలు, నాలుగు టేబుళ్లు. వారం ముందే గూగుల్ ఫామ్ పెడితే రెండు రోజుల్లో సీట్లన్నీ నిండాయి. అందరం తెగ సంతోషపడ్డాం. తీరా ఆదివారం పొద్దున పదిన్నరకు చూస్తే నా టేబుల్ దగ్గర ఐదు కుర్చీల్లో ఇద్దరే ఉన్నారు. అప్పుడే గుమ్మం దగ్గర ముగ్గురు ఇంటర్ పిల్లలు నిలబడి లోపలికి చూస్తున్నారు.

"అన్నా, మేం గూడ ఆడొచ్చా?" అని అడిగారు. లిస్టులో మీ పేర్లు లేవు, సీట్లు నిండిపోయాయి అని చెప్పాను. ఇంకో పావుగంట క్యారమ్ బోర్డు దగ్గర తచ్చాడి వెళ్లిపోయారు. ఫామ్ నింపి రానివాళ్లలో ఒకతను పన్నెండు దాటాక ఫోన్ చేసి, "దేవరకొండల బస్సు దొర్కలేదన్నా" అన్నాడు. మిగతా ఇద్దరి నుంచి ఫోనే లేదు. ఆ రోజు నాలుగు గంటల కథను ఇద్దరితోనే నడిపాను. ఆ మూడు ఖాళీ కుర్చీలు, గుమ్మం దగ్గర ఆ ముగ్గురు పిల్లలు ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నారు. మళ్లీ మేళా పెట్టే ముందు ఈ లెక్క తేల్చుకోవాలని కూర్చున్నాను.

ఈ ఆట తెలియనివాళ్లకు ఒక్క మాట. ఒగ్గుకథలో కథ చెప్పేవాడు ఒకడుంటే, పక్కవాళ్లు మధ్యమధ్యలో "ఆ తర్వాతేమైంది?" అని అందుకుంటూ కథను ముందుకు నడిపిస్తారు. ఇక్కడ కథ చెప్పేవాడు గేమ్ మాస్టర్. చుట్టూ కూర్చున్న నలుగురైదుగురు ఆ కథలోని మనుషులు. ఏం చేయాలో వాళ్లే చెప్తారు, అది కుదిరిందో లేదో పాచిక తేలుస్తుంది. క్యారమ్ అయితే ఆట అయిపోయాక ఇంకొకరు కూర్చోవచ్చు. ఇక్కడ అలా కుదరదు. కథ మొదలై గంటయ్యాక వచ్చినవాణ్ణి మధ్యలో ఇరికించడం కష్టం, ఇద్దరే ఉంటే కథ పలచబడుతుంది. అందుకే ఈ ఆటకు కుర్చీల లెక్క ఇంత ముఖ్యం.

ముందే పేర్లు రాసుకోవడంలో మంచి చాలా ఉంది. ఎంతమంది వస్తారో తెలిస్తే గేమ్ మాస్టర్ ఆ లెక్కన కథ తయారు చేసుకుంటాడు, కథలోని ఒక్కో మనిషి వివరాలుండే కాగితాలు, అంటే క్యారెక్టర్ షీట్లు, జిరాక్స్ తీయించుకుంటాడు. మిర్యాలగూడ నుంచో, సూర్యాపేట నుంచో బస్సెక్కి వచ్చేవాళ్లకు సీటు ఉందన్న భరోసా కావాలి. అంతదూరం వచ్చి నిలబడి చూసిపోవడం ఎవరికీ ఇష్టముండదు. ఆడపిల్లలకైతే ఇది ఇంకా అవసరం. ఆట ఎన్నింటికి మొదలై ఎన్నింటికి అయిపోతుంది, ఏ టేబుల్, ఎవరు నడిపిస్తారు అన్నది ఇంట్లో ముందే చెప్పగలిగితేనే చాలామంది రాగలుగుతారు. మా మేళాకు వచ్చిన ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు ఈ మాట నాతో సూటిగానే అన్నారు.

అయితే ఫామ్ నింపడం వేలితో ఒక్క నొక్కు, అంతే. దానికి బరువు లేదు. డబ్బు కట్టించుకుంటే వస్తారు కదా అని మాలో కొందరు అన్నారు. యాభై రూపాయలు తీసుకుని, వచ్చాక తిరిగి ఇచ్చేద్దాం అన్నారు. నాకు అది నచ్చలేదు. ఆట ఏమిటో తెలియని పిల్లవాడు మొదటిసారి వస్తున్నప్పుడు డబ్బుల మాట ఎత్తితే వెనక్కి తగ్గుతాడు. దానికంటే ముందురోజు రాత్రి ఒక్క ఫోన్ కాల్ మేలు. "రేపు వస్తున్నవ్ కదా తమ్మీ?" అని అడిగితే, రాలేనివాడు అప్పుడే చెప్పేస్తాడు. వాట్సాప్ మెసేజ్ పెడితే బ్లూ టిక్ వస్తుంది, మనిషి రాడు.

ఇక వచ్చినవాళ్లను వచ్చినట్టు కూర్చోబెట్టే పద్ధతి. మన ఊళ్ల స్వభావానికి ఇదే దగ్గర. ఫ్లెక్సీ చూసి, నవ్వులు విని, ఏందో చూద్దామని లోపలికి వచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్లలో ఒక్కడు కూర్చుని ఆడితే, తర్వాతిసారి నలుగురిని వెంటేసుకొస్తాడు. కానీ పూర్తిగా ఇదే పెట్టుకుంటే పది గంటలకు హాలు ఖాళీగా ఉంటుంది, పదకొండున్నరకు పన్నెండుమంది ఒకేసారి వస్తారు. ఆరుగురు దోస్తులు కలిసి వచ్చి అందరం ఒకే టేబుల్ అంటారు. గేమ్ మాస్టర్ల మీద టెన్షన్ అంతా అప్పుడే పడుతుంది.

పెద్ద మేళాలు కూడా ఈ రెండింటి మధ్యే దారి వెతుక్కున్నాయి. అమెరికాలో 1968లో లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో మొదలైన జెన్ కాన్ అనే గేమింగ్ మేళాకు ఇప్పుడు ఇండియానాపొలిస్‌లో 70 వేల మందికి పైగా వస్తున్నారు. అక్కడ ఆటలకు ముందే టికెట్లు తీసుకుంటారు. అలాగని సీటు ఖాళీగా వదిలేయరు. టికెట్ తీసుకున్నవాళ్లు రాకపోతే ఆ సీటు పట్టుకునేందుకు ఏ ఆటకైనా చెల్లే జెనరిక్ టికెట్లు విడిగా అమ్ముతారు. అంత పెద్దచోటే చెప్పినవాళ్లందరూ రారని లెక్కేసుకున్నప్పుడు, ఒక్క బస్సు తప్పితే సగం టేబుల్ ఖాళీ అయ్యే మన దగ్గర ఇంకెంత వేసుకోవాలి!

అందుకే నేను తేల్చుకున్నది ఇది. ఐదు కుర్చీల టేబుల్‌లో మూడు ముందే పేరు ఇచ్చినవాళ్లకు, రెండు ఆ రోజు వచ్చినవాళ్లకు. ఆ రెండింటికి అట్టముక్కల టోకెన్లు. వాటి మీద టేబుల్ నంబరు, టైమ్ స్కెచ్ పెన్‌తో రాసి ఉంటాయి. మనిషి ఎదురుగా ఉంటేనే ఇస్తాం, దోస్తు కోసం ఇంకొకటి తీసుకుంటానంటే ఇవ్వం. ఆట మొదలయ్యే టైమ్‌కు పదిహేను నిమిషాలు దాటితే, పేరు ఇచ్చినవాళ్ల కుర్చీ కూడా నిలబడి ఉన్నవాళ్లదే. ఈ సంగతి ముందురోజు ఫోన్‌లోనే చెప్పేస్తాం. అప్పుడు దేవరకొండ తమ్ముడు బస్సు దొరకనప్పుడే ఫోన్ చేస్తాడు, పన్నెండు దాటేదాకా ఆగడు.

ఇదంతా కుదరాలంటే ఆట ఎంతసేపు అన్నది కూడా మార్చాలి. పోయినసారి నాలుగు గంటల స్లాట్లు పెట్టాం, కన్వెన్షన్లలో అది మామూలే. పొద్దున పది నుంచి రెండు, రెండున్నర నుంచి ఆరున్నర. నలుగురు గేమ్ మాస్టర్లు రెండేసి ఆటలు నడిపితే, టేబుల్‌కు ఐదుగురు చొప్పున మొత్తం 40 సీట్లు. రెండు గంటల స్లాట్లయితే పది నుంచి పన్నెండు, ఒంటిగంట నుంచి మూడు, మూడున్నర నుంచి ఐదున్నర. ఒక్కో గేమ్ మాస్టర్ ఈ మూడింటిలో రెండే నడిపినా సీట్లు మళ్లీ 40 వస్తాయి. తేడా ఎక్కడంటే, మొదటి లెక్కలో నలుగురూ కలిసి 32 గంటలు మాట్లాడాలి, రెండోదానిలో 16 గంటలు చాలు. ఆరో గంట దాటాక గొంతు బొంగురుపోయి, భూతం గొంతూ ముసలమ్మ గొంతూ ఒకేలా వినిపిస్తుంటే ఆడేవాళ్ల ముఖాల్లో ఉత్సాహం ఎలా తగ్గిపోతుందో నేను దగ్గర నుంచి చూశాను. సరిగ్గా మాట్లాడలేక వాళ్ల కథ పాడుచేస్తున్నానే అని బాధేసింది. పైగా ఆరున్నర అంటే చీకటి పడే వేళ, ఊళ్లకు వెళ్లేవాళ్ల చూపు గడియారం మీదే ఉంటుంది.

నాలుగు గంటల ఆటకు ఉన్న అందం వేరు, అది కాదనను. అప్పుడే పరిచయమైన ఐదుగురు మూడో గంటకు ఒకరికోసం ఒకరు ప్రాణాలకు తెగించడం రెండు గంటల్లో రాదు. అందుకని ఒక్క టేబుల్ మాత్రం పాతవాళ్ల కోసం మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి ఐదున్నర దాకా, నాలుగు గంటలసేపు ఉంచుతాను. దానికి మాత్రం అన్ని సీట్లూ ముందే పేర్లు ఇచ్చి, ఫోన్‌లో వస్తామన్నవాళ్లకే. ఆ ఒక్క టేబుల్ వల్ల మొత్తం మీద ఐదు సీట్లు తగ్గినా ఫర్వాలేదు.

రెండు గంటల్లో ఏ ఆట ఆడించాలి? 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) పేరు పిల్లలకు తెలుసు, దానికోసమే వస్తారు. దాని ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేశారు. మూలం ఎవరిదో రాస్తే చాలు, మనం తెలుగులోకి మార్చుకుని జిరాక్స్ తీసి పంచుకోవచ్చు. ఇది మనలాంటివాళ్లకు పెద్ద సాయం. కానీ కొత్తవాళ్లతో ఒక్క చిన్న కొట్లాటకే ముప్పావుగంట పడుతుంది. మొదటి లెవెల్ మంత్రగాడికి ప్రాణం ఏడెనిమిది పాయింట్లే ఉంటుంది. గోబ్లిన్ అనే చిన్న భూతం కత్తి దెబ్బ ఆరు ముఖాల పాచికకు రెండు కలిపి లెక్క, అంటే ఎనిమిది దాకా పోతుంది. పోయినసారి మధ్యాహ్నం ఆటలో పదో తరగతి బాబు ఎంతో ముచ్చటపడి మంత్రగాణ్ణి తీసుకున్నాడు. ఏడు పాయింట్లు. మొదటి కొట్లాటలో, వాడి వంతు రాకముందే, గోబ్లిన్ కోసం నేను వేసిన పాచికలో ఆరు పడింది. షీటు మీద ఏడు కొట్టేసి సున్నా రాసుకుని, పెన్సిల్ పక్కన పెట్టి కూర్చున్నాడు. అరగంట తర్వాత మిగతావాళ్లు లేపారు గానీ, ఆ అరగంట వాడికి ఆటే లేదు. కొత్తవాళ్లకు డీ అండ్ డీ పెట్టాలంటే మూడో లెవెల్ క్యారెక్టర్లను ముందే తయారు చేసి ఇవ్వాలి. అక్కడే కూర్చుని తయారు చేసుకోమంటే గంట దానికే పోతుంది.

దానికి ఎదురుగా నాకు నచ్చింది ఒక్క పేజీ ఆట, లేజర్స్ అండ్ ఫీలింగ్స్. రెండు నుంచి ఐదు దాకా ఒక అంకె ఎంచుకుంటే మనిషి సగం తయారైనట్టే. తెలివితో, నింపాదిగా చేసే పనైతే పాచిక ఆ అంకెకు కింద పడాలి. మనసుతో, మాటతో చేసే పనైతే పైన పడాలి. సరిగ్గా అదే అంకె పడితే ఒక ప్రశ్న అడగొచ్చు, గేమ్ మాస్టర్ నిజం చెప్పాలి. మామూలు లూడో పాచికలు చాలు, అవి ఏ కిరాణా షాపులో అయినా దొరుకుతాయి. డీ అండ్ డీ పాచికల సెట్ మేము ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాం. అసలు ఆట అంతరిక్ష నౌకలో జరుగుతుంది. నేను దాన్ని నల్గొండ పక్కనే ఉన్న పానగల్లుకు తెచ్చాను. ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా కదలని నీడ ఉంటుంది కదా, ఒక పొద్దున ఆ నీడ కనబడదు. ఎవరు ఎత్తుకుపోయారు? ఇంతే కథ. వినగానే పిల్లల కళ్లు పెద్దవవుతాయి. గుడి వాళ్లకు తెలుసు, దారి తెలుసు, చెరువు తెలుసు, నేను వర్ణించాల్సిన పనే లేదు. కొత్తవాళ్ల టేబుళ్లకు నా ఓటు దీనికే.

భాష సంగతి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ఇంగ్లిష్‌లో ఆడినప్పుడు "ఐ అటాక్" అని ఆగిపోయిన అబ్బాయే తెలుగులో "నేను ఎన్కనుంచి పోయి వాని కాలు పట్టి గుంజుత" అన్నాడు. షీటు మీద పదాలు ఇంగ్లిష్‌వైనా ఫర్వాలేదు, ఆట మాత్రం మన మాటల్లోనే సాగాలి.

మూడున్నర స్లాట్‌కు మాత్రం లెక్క తిరగేస్తాను. అప్పటికి బయటి ఊళ్లవాళ్లు బస్టాండుకు బయల్దేరుతుంటారు, ట్యూషన్ అయిపోయిన పిల్లలు ఇటు వస్తుంటారు. ఆ ఆటకు ముందే ఇచ్చే కుర్చీ ఒక్కటే, నాలుగు టోకెన్లకు. గుమ్మానికి దగ్గరగా ఉన్న టేబుల్‌నే దానికి పెట్టిస్తాను, లోపలికి తొంగిచూసేవాళ్లకు ముందు ఆ కుర్చీలే కనబడేలా.