చెన్నై మెట్రో వాటర్ రివ్యూ: డ్రైనేజీకి నాలుగు స్టార్లు, కుళాయికి రెండున్నర

చెన్నైలో ఫ్లాట్ చూసే మనవాళ్లు స్కూలు ఎంత దూరం, రైలు స్టేషన్ ఎప్పుడొస్తుంది అని వంద ఆరాలు తీస్తారు గానీ, ఇంటి ముందు మెట్రో వాటర్ లైన్ ఉందా, డ్రైనేజీ కనెక్షన్ ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. నేను మొదట ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) చివర లారీ నీళ్లతో అద్దెకుండి, ఇప్పుడు ఆదంబాక్కంలో లైన్ ఉన్న సొంత ఫ్లాట్‌లో ఉంటున్నా. రెండు రకాల బతుకూ చూశాను కాబట్టి రాస్తున్నా.

ముందు తెలుసుకోవాల్సింది, మెట్రో వాటర్ అంటే చెన్నైలో మంచినీళ్లు, డ్రైనేజీ చూసే సంస్థ, ఇది కార్పొరేషన్‌లో ఒక డిపార్ట్‌మెంట్ కాదు. 1978లో చట్టం చేసి పెట్టిన వేరే బోర్డు. నీటి పన్ను, మురుగునీటి పన్ను అది సొంతంగా వేస్తుంది, ప్రభుత్వ అనుమతితో అప్పులూ తెచ్చుకుంటుంది. కాబట్టి ఆస్తి పన్ను ఒక చోట, ఇది ఇంకో చోట, ఆరు నెలలకోసారి. హైదరాబాద్ నుంచి వచ్చిన మా తోడల్లుడు ఆస్తి పన్ను కట్టేసి ఇక అయిపోయిందనుకున్నాడు, తర్వాత ఈ బాకీ చూసి టెన్షన్ పడ్డాడు. ఇంకోటి, వానాకాలంలో వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిస్తే మెట్రో వాటర్‌ని తిట్టి ఒక్క స్టార్ ఇచ్చేవాళ్లున్నారు. వాన నీటి కాలువలు కార్పొరేషన్ పని. 2025లో కార్పొరేషన్ 200 కోట్ల బాండ్లు (మదుపరుల దగ్గర అప్పు తెచ్చే పత్రాలు) అమ్మింది ఆ కాలువల కోసమే. తిట్టేదేదో సరైన అడ్రసుకి తిట్టండి.

ఇక నాకు నచ్చనిది. పన్ను లెక్క ఇంటి వార్షిక విలువ (ఏడాదికి ఎంత అద్దె వస్తుందన్న అంచనా) మీద, మీరు ఎన్ని బిందెలు వాడారన్నదానితో సంబంధం లేదు, చాలా ఇళ్లకి మీటరే లేదు. మా పై ఫ్లాట్‌లో ఒక్కరే ఉండే పెద్దావిడకీ, కింద ఆరుగురం ఉన్న మాకూ పన్ను ఒకటే. ఆవిడ పొద్దున రెండు బిందెలు పట్టుకుంటే రోజు గడిచిపోతుంది, మా ఇంట్లో వాషింగ్ మెషీనే అంత తాగేస్తుంది. నీళ్లకి ఇదేం న్యాయం? డ్రైనేజీకైతే ఒప్పుకుంటా, వీధిలో పైపు పడితే ఇంటి ధర పెరుగుతుంది, ఆ ధరను బట్టే పన్ను కట్టమనడంలో తప్పులేదు.

ఆ డ్రైనేజీకి నాలుగు స్టార్లు ఎందుకో మా పేట సంగతి చెప్తేనే అర్థమవుతుంది. ఇది ఒకప్పుడు ఆలందూరు మునిసిపాలిటీ. 1990ల చివరిదాకా ఇక్కడ అన్నీ సెప్టిక్ ట్యాంకులే. అప్పుడు మునిసిపాలిటీ ఇంటికి 5,000 రూపాయల డిపాజిట్ అడిగింది, పైపులు ఇంకా కాగితం మీదే ఉండగా! జనం కట్టారు. మిగతాది అప్పూ గ్రాంటూ తెచ్చారు, పని మన హైదరాబాద్ కంపెనీ ఐవీఆర్‌సీఎల్ చేసింది. మా మామగారు ఆ రసీదుని ఇంటి దస్తావేజులతో పాటు ప్లాస్టిక్ కవర్లో దాచారు, అంచులు పసుపు పచ్చబడ్డాయి గానీ ముద్ర ఇంకా కనిపిస్తుంది. అదే రోజుల్లో, 2002-03లో, తమిళనాడులో 13 చిన్న మునిసిపాలిటీలు కలిసి 30 కోట్ల పైచిలుకు బాండ్లు తెచ్చుకున్నాయి, ఒక్కొక్కటిగా వెళ్తే ఎవరూ అప్పివ్వరు కాబట్టి. ఆలందూరు 2011లో చెన్నైలో కలిసిపోయింది, పైపులు మెట్రో వాటర్ చేతికొచ్చాయి. డబ్బు ముందే అడిగినా, ఎందుకో చెప్పి, వీధి తవ్వి చూపిస్తే జనం ఇస్తారు. నా గొడవంతా పన్ను వేసి ఏం చేశారో కనిపించని చోట్లతోనే.

కుళాయి సంగతి. మా వీధిలో పాత ఇళ్ల గేటు పక్కన ఇప్పటికీ అడిపంపులు (చేతి పంపులు) ఉంటాయి, లైన్లో నీళ్లొచ్చినప్పుడు కొట్టి బిందెలు నింపుకోవడమే, అపార్ట్‌మెంట్లకి సంపు. సరఫరా ఏళ్లని బట్టి మారుతుంది. 2019లో చెరువులెండిపోయి జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు. ఇప్పుడు మీంజూరు, నెమ్మేలి సముద్రపు నీటి ప్లాంట్లున్నాయి, నెమ్మేలి రెండోది 2024లో మొదలైంది, అన్నీ కలిపి రోజుకు 35 కోట్ల లీటర్ల సామర్థ్యం, పేరూరులో ఇంకో 40 కోట్ల లీటర్లది కడుతున్నారు. మన కండలేరు నుంచి చెన్నై దగ్గరి పూండి రిజర్వాయరుకి వచ్చే కృష్ణా నీళ్లు వేరే. 1983 ఒప్పందం ప్రకారం 12 టీఎంసీలు రావాలి, అంత నిండుగా రావడం అరుదు. అయినా నెల్లూరు చుట్టాలు వచ్చిన ప్రతిసారీ గ్లాసు ఎత్తి "మా నీళ్లేగా" అంటారు, కాదనలేం.

మెట్రో వాటర్ ఆన్‌లైన్ లారీ బుకింగ్ బాగుంది, 6,000 లేదా 9,000 లీటర్లు, ఎండాకాలంలో మాత్రం ముందే చేసుకోవాలి. ఓఎంఆర్‌లో ఉన్నప్పుడు ప్రైవేటు లారీవాడు ముప్పావు ట్యాంకు పోసి ఫుల్ డబ్బులడిగేవాడు, వాచ్‌మన్ సంపులో కర్ర ముంచి తడి ఎంతదాకా ఉందో చూపిస్తే తప్ప తగ్గేవాడు కాదు.

కొత్తగా కొనేవాళ్లకి: బిల్డర్ "కనెక్షన్ వచ్చేసిందండీ" అంటే నమ్మకండి. కన్స్యూమర్ నంబరు, చివరి అర్ధ సంవత్సరం రసీదు అడగండి, ఆ నంబరు పట్టుకుని మెట్రో వాటర్ డిపో ఆఫీసుకి (ఆ ఏరియా ఆఫీసు) వెళ్లి లైన్ నిజంగా ఉందో లేదో కనుక్కోండి. అడ్వాన్సు ఆ తర్వాతే.