కారం లేకుండా వండిపెట్టే మెస్

అమ్మకు రొమ్ము క్యాన్సర్. 21 రోజులకోసారి కీమోకి సూర్యాపేట నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికి వస్తాం. ఆ దగ్గర సందులో ఒక చిన్న మెస్ ఉంది.

రెండో కీమో తర్వాత అమ్మకు నోరంతా పూసింది. మంచినీళ్లు తాగినా మంటే. ఆ సంగతి మెస్ నడిపే అక్కకు చెప్తే, అన్నం మెత్తగా పిసికి, మిరియాలు వేయని చారు పోసి, వేడి తగ్గాక తెచ్చిపెట్టింది. స్టీలు చెంచా నోట్లో పెట్టుకుంటే ఇనుము రుచి వస్తోందని అమ్మ అంటే, మళ్లీ వచ్చేసరికి ప్లాస్టిక్ చెంచా తీసి ఉంచింది! అమ్మ ప్లేటులో పచ్చి ఉల్లిపాయ, కీరా ముక్కలు వేయదు. తెల్ల రక్తకణాలు తగ్గినప్పుడు పచ్చివి పెట్టొద్దని డాక్టర్ మాకు చెప్పకముందే ఆమెకు తెలుసు. రోజూ ఇలాంటి పేషెంట్లను చూస్తోంది కదా.

భోజనం 80 రూపాయలు. పేషెంటుకి జావ అడిగితే డబ్బులు తీసుకోదు. ఉన్నవి నాలుగే బల్లలు, ఒంటిగంటకు నిలబడే చోటు కూడా ఉండదు, పన్నెండున్నరకే వెళ్లండి. గుమ్మం దగ్గర రెండు ఎత్తు మెట్లున్నాయి, పట్టుకోవడానికి ఏమీ లేదు. నీరసంగా ఉన్నవాళ్లను చెయ్యి పట్టుకుని ఎక్కించాలి. అక్కడ ఒక కడ్డీ పెట్టించమని అక్కను అడిగాను.

పోయినసారి అమ్మ ఐదు ముద్దలు తిన్నది. పక్కన కూర్చుని లెక్కపెట్టాను.