అస్టెరినా స్టార్ ఫిష్‌లతో నాలుగేళ్లు: తీసెయ్యాలా, ఉండనివ్వాలా?

మా ఉప్పునీటి రీఫ్ ట్యాంక్ (కోరల్స్, అంటే పగడాలు పెంచే ట్యాంక్)లో ఉన్న ఈ చిన్న స్టార్ ఫిష్‌లు నేను కొన్నవి కావు. లైవ్ రాక్‌తో (చిన్న చిన్న జీవులు అతుక్కుని ఉండే రాయి) వచ్చాయో, ఏదో ఫ్రాగ్ ప్లగ్ (ఫ్రాగ్ అంటే చిన్న కోరల్ ముక్క, దాన్ని అతికించే బిళ్ల ప్లగ్) అడుగున అతుక్కుని వచ్చాయో గానీ, ట్యాంక్ పెట్టిన మూడో నెలలో ఒకరోజు పొద్దున్నే లైట్ వెయ్యకముందు గ్లాస్ మీద చిటికెనవేలి గోరంత బూడిదరంగు నక్షత్రం ఒకటి కనపడింది. అది చూసి ఎంత సంబరపడ్డానో, ఇంట్లో అందర్నీ పిలిచి చూపించా. ఇంకో రెండు నెలలకి ఆరయ్యాయి, ఏడాది తిరిగేసరికి రాత్రిపూట ఒక్క ముందు గ్లాస్ మీదే నలభై లెక్కపెట్టా, ఇక అప్పట్నుంచి భయం పట్టుకుంది. ఎవర్ని అడిగినా రెండే మాటలు. ఏం చెయ్యవు వదిలెయ్ అనేవాళ్లు కొందరు, కోరల్స్ మొత్తం తినేస్తాయి ఒక్కదాన్ని కూడా మిగల్చకు అనేవాళ్లు కొందరు. నాలుగేళ్లు రోజూ వీటిని చూశాక నేనైతే ఒకటి గట్టిగా చెప్తా, చూడగానే చంపకండి, అలాగని అసలు చూడకుండా కూడా వదిలెయ్యకండి.

నాది 300 లీటర్ల ట్యాంక్, ఎక్కువగా సాఫ్ట్ కోరల్స్, జోయాస్, కొన్ని యూఫిలియాలు, పైన రెండు మూడు మాంటిపోరాలు, అన్నీ కోరల్ రకాలే. నీళ్లు 25-26 డిగ్రీలు, ఉప్పుదనం స్పెసిఫిక్ గ్రావిటీ లెక్కలో 1.025.

ముందు ఇవేంటో చెప్తా. హాబీలో మనం అన్నిటినీ కలిపి అస్టెరినా అనేస్తాం గానీ నిజానికి ఆ కుటుంబంలో చాలా జాతులున్నాయి, మన ట్యాంకుల్లోకి వచ్చేవాటిలో చాలావరకు ఇప్పుడు అక్విలొనాస్ట్రా అనే పేరు కిందకి వస్తాయి. ఈ జాతుల తేడా ఎందుకు చెప్తున్నానంటే గొడవంతా అక్కడే ఉంది, ఒకళ్ల ట్యాంక్‌లో ఉన్నది ఇంకొకళ్ల ట్యాంక్‌లో ఉన్నదీ ఒకటే జాతి అవ్వాలని లేదు కదా. చూడ్డానికి తెలుపు, బూడిద, లేత గోధుమరంగు, కొన్నిటికి ఆకుపచ్చ మచ్చలు. పెద్దవైనా సెంటీమీటర్, సెంటీమీటరున్నర అంతే. చేతులు ఐదే ఉండాలని ఏం లేదు, ఆరు ఏడు కూడా ఉంటాయి, అదీ ఒక పక్క మూడు పొడుగ్గా ఇంకో పక్క మూడు బుడిపెల్లా. మొదట్లో నేను అది జబ్బేమో, పీత ఏదైనా కొరికేసిందేమో అనుకున్నా. కాదు, ఇవి పిల్లల్ని పెట్టే పద్ధతే అది, మధ్యలోంచి రెండుగా చీలిపోయి ఏ సగానికి ఆ సగం మిగతా చేతుల్ని పెంచుకుంటుంది. ఒక్కటి వస్తే చాలు, జంట అక్కర్లేదు. అందుకే వీటిని ట్యాంక్ లోపల కత్తితో గీకడం, నలపడం లాంటివి చెయ్యొద్దు, మధ్య భాగం కాస్త మిగిలిన ముక్క కూడా మళ్లీ పెరిగే అవకాశం ఉంది.

ఇక ఏం తింటాయి అన్నది నేను రాత్రుళ్లు కూర్చుని చూసిందే. ఎర్ర లైట్ టార్చ్ పెట్టుకుంటే అవి బెదరవు, మామూలు టార్చ్ కన్నా అది నయం. గ్లాస్ మీద ఉన్నదాన్ని బయటినుంచి చూస్తే కడుపు తెల్లటి పొరలాగా బయటికి తీసి గ్లాస్‌కి ఆనించి కూర్చుంటుంది, అంటే తిండిని లోపలికి తీసుకునే బదులు కడుపునే తిండి మీదికి పంపుతుందన్నమాట. పొద్దున చూస్తే అది కూర్చున్నచోట గ్లాస్ మీద ఆల్గే పొర పోయి దాని ఆకారంలోనే శుభ్రమైన అచ్చు ఉండేది. డయాటమ్స్ (గోధుమరంగు పొరలా పట్టే సూక్ష్మ ఆల్గే), పల్చటి ఆల్గే, బ్యాక్టీరియా జిగురు, ఇదే మా ట్యాంక్‌లో వీటి తిండి. దాంతోపాటు కోరలైన్ ఆల్గే (రాళ్ల మీద, గ్లాస్ మీద గట్టి ఊదారంగు పొరలా పెరిగేది) కూడా తింటాయి, ఇది మాత్రం ఖాయం, వెనక గ్లాస్ మీద ఊదారంగు కోరలైన్ మధ్యలో గుండ్రటి తెల్ల మచ్చలు నేను ఎన్నోసార్లు చూశా. రాళ్ల మీద కోరలైన్ బాగా రావాలని నెలల తరబడి క్యాల్షియం, ఆల్కలినిటీ చూసుకునేవాళ్లకి ఆ మచ్చలు కనపడితే బాధగానే ఉంటుంది. నాకూ ఉండేది. కానీ మా దాంట్లో అవి తినేదానికన్నా పెరిగేదే ఎక్కువ, రాళ్లు ఊదారంగు పోగొట్టుకున్నది ఎప్పుడూ లేదు.

రెండో ఏడాది జోయాస్ కథ జరిగింది, ఇది కాస్త వివరంగా రాయాలి ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరపడతారు. బాగా పెరిగిన నారింజరంగు జోయా కాలనీ ఒకటి ఉండేది, ఉన్నట్టుండి అంచుల్లో పాలిప్స్ (కాలనీలో పువ్వుల్లా విచ్చుకునే ఒక్కో జీవి) మూసుకుపోయి వారం తిరిగేసరికి ఏడెనిమిది మాయం. రాత్రి టార్చ్ వేస్తే సరిగ్గా ఆ ఖాళీ అయిన చోట మూడు అస్టెరినాలు. ఇంకేముంది దొరికిపోయాయి అనుకున్నా, ఆ రాత్రే ట్వీజర్స్‌తో అరవై దాకా ఏరి పారేశా. అయినా పాలిప్స్ పోవడం ఆగలేదు. చివరికి కాలనీ ఉన్న రాయి మొత్తం బకెట్‌లోకి తీసి పాలిప్స్ కాడల మధ్య వెతికితే, చపటగా చుట్టుకున్న గోధుమ తెలుపు గళ్ల గవ్వ ఒకటి బయటపడింది, సన్‌డయల్ నత్త. హెలియాకస్ అంటారు, జోయాస్ తిని బతికే నత్త అది, పగలు పాలిప్స్ కింద దాక్కుంటుంది. దాన్ని తీసేసిన పది రోజులకి మిగతావన్నీ విచ్చుకున్నాయి. అస్టెరినాలు అక్కడ ఎందుకున్నాయంటే చచ్చిపోయిన పాలిప్స్ మీద, ఖాళీ అయిన రాయి మీద జిగురు పొర పడుతుంది, దాని కోసం వచ్చాయి. తప్పు చెయ్యని వాటిని అరవై చంపేశానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. (జోయాస్ ఉన్న రాయి మీద చెయ్యి పెట్టేటప్పుడు గ్లవ్స్, కళ్లజోడు తప్పనిసరి, వాటిలో పాలిటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉండొచ్చు, చేతికి చిన్న గాయం ఉన్నా రిస్కే.)

ఆ తర్వాత ఊరికే అనుకోవడం కాదు తేల్చుకోవాలని సంప్‌లో (ట్యాంక్ నీళ్లు ఫిల్టర్ అయ్యే పక్క తొట్టి) ఒక రంధ్రాల ప్లాస్టిక్ డబ్బా పెట్టి అందులో ఆరోగ్యంగా ఉన్న జోయా ఫ్రాగ్ ఒకటి, బూడిదరంగు నక్షత్రాలు పది వేశా. డబ్బా శుభ్రంగా కడిగినదే, అంటే వాటికి తినడానికి పెద్దగా ఆల్గే కూడా లేదు. రెండు వారాలు రోజూ చూశా. నక్షత్రాలు డబ్బా గోడల మీదే తిరిగాయి, అప్పుడప్పుడు ప్లగ్ మీదకి ఎక్కాయి, ప్లగ్ మీది ఆల్గే మొత్తం తినేశాయి, పాలిప్స్ మాత్రం పగలంతా విచ్చుకునే ఉన్నాయి, ఒక్కటి తగ్గలేదు. మీకు అనుమానం ఉంటే ఇదే చెయ్యండి, ఎవరి మాటా నమ్మక్కర్లేదు, మీ నక్షత్రాలు ఏంటో మీకే తెలుస్తుంది.

ఇక్కడితో అయిపోతే వదిలెయ్యండి అనే రాసేవాణ్ణి. కానీ మూడో ఏడాది ఇంకో ఫ్రాగ్ రాయితో వేరే రకం వచ్చాయి, కాస్త ముదురు రంగు, పైన ఆకుపచ్చ మచ్చలు. ఇవి గ్లాస్ మీదకి దాదాపు వచ్చేవే కావు. వరసగా నాలుగు రాత్రులు ఒకే జోయా కాలనీ మీద, అదీ అంచుల్లో కాదు నడిమధ్యన, బతికున్న పాలిప్స్ మీద కూర్చుని ఉన్నాయి, మెల్లగా ఎత్తి చూస్తే కడుపు బయటికి వచ్చి ఉంది, కింద పాలిప్ కరిగినట్టు మెత్తగా అయిపోయింది. ఈసారి ముందే నత్త కోసం, న్యూడిబ్రాంక్‌ల (కోరల్స్ తినే గవ్వలేని నత్తల) కోసం కాలనీ అంతా వెతికా, ఏమీ లేవు. ఆ మచ్చల రకాన్ని మూడు వారాల్లో ఒక ముప్ఫై దాకా ఏరేశా, ఆ తర్వాత ఆ కాలనీలో నష్టం ఆగింది. ఆ రకాన్ని ఒక్కదాన్ని కూడా ఉంచలేదు, మళ్లీ ఎక్కడ కనపడినా అదే చేస్తా. అందుకే జోయాస్ పోయాయని చెప్పేవాళ్ల మాటని కొట్టిపారెయ్యను. నక్షత్రం కోరల్ మీద ఒకసారి కనపడ్డం వేరు, రోజూ అదే కోరల్ మీద ఉండి కింద కండ కరుగుతుండటం వేరు, చూడాల్సింది రెండోది.

తగ్గించుకోవడానికి నేను చేసేది రెండు వారాలకోసారి నీళ్లు మార్చేటప్పుడు, లైట్లు ఆరిన గంట తర్వాత సన్నటి పైపుతో గ్లాస్ మీదున్నవి లాగేయడం. పది నిమిషాల పని. మందు వేసి అన్నిటినీ ఒకేసారి చంపాలని మాత్రం చూడకండి, కాపర్ అయితే రీఫ్‌లోకి అసలు తేకూడదు, నత్తలు రొయ్యలు కోరల్స్ అన్నీ పోతాయి, పైగా రాళ్ల సందుల్లో వందలకొద్దీ ఒకేసారి చస్తే అమ్మోనియా లేస్తుంది. ఇంకోటి, తిండి. నేను ఫ్రోజెన్ ఫుడ్ రోజుకి రెండుసార్లు వేసే రోజుల్లో ఇవి విపరీతంగా ఉండేవి, ఒకపూటకి తగ్గించి గ్లాస్ మీద ఆల్గే రాకుండా చూసుకున్నాక కొన్ని నెలల్లో వాటంతటవే సగానికి పడిపోయాయి.

హార్లెక్విన్ రొయ్య పెట్టమని అందరూ అంటారు. నిజమే, హైమెనోసెరా స్టార్ ఫిష్‌లనే తింటుంది, చిన్న ట్యాంక్‌ని కొన్ని వారాల్లో ఖాళీ చేసేస్తుంది. ఆ తర్వాత దానికేం పెడతారు? పెల్లెట్ తినదు, మైసిస్ (తిండిగా వేసే చిన్న రొయ్యలాంటి జీవులు) తినదు, దానికి జీవితాంతం స్టార్ ఫిష్ కావాలి, లేదంటే ఆకలితో చస్తుంది. ఇష్టంగా పెంచుకుంటున్న లింకియా లాంటి పెద్ద స్టార్ ఫిష్ ఉంటే దాన్నీ వదలదు. నాలుగు నక్షత్రాలు ఎక్కువయ్యాయని అంత అందమైన ప్రాణిని తెచ్చి చంపుకోవడం నాకు అస్సలు ఇష్టం లేదు, దాన్ని దాని కోసమే పెంచాలనుకునేవాళ్లు పెంచాలి.

రాతి కన్నాల్లోంచి సన్నగా దారాల్లా చేతులు ఊపేవి వేరే, అవి మైక్రో బ్రిటిల్ స్టార్స్, మిగిలిపోయిన తిండి, చెత్త తింటాయి, వాటి గురించి ఒక్క నిమిషం కూడా కంగారుపడొద్దు. మా సంప్‌లో వందల్లో ఉన్నాయి, వాటిని చూస్తే నాకు సంతోషం.

ఇప్పుడు మా ట్యాంక్‌లో ముందు గ్లాస్ మీద రాత్రికి పది పదిహేను బూడిదరంగువి కనపడతాయి. ఏరినవి పారెయ్యడం మానేశా. రీఫ్ పెట్టిన స్నేహితుడొకడు హార్లెక్విన్ జంటని పెంచుతున్నాడు, వాటికి తిండి దొరకక ఇబ్బందిపడేవాడు. రెండు వారాలకోసారి చిన్న డబ్బాలో మా ట్యాంక్ నీళ్లు పోసి ఇరవై ముప్ఫై పంపిస్తా, ఆ జంట మొన్నే గుడ్లు పెట్టిందని ఫోటో పంపాడు.