మొలారిటీ, మొలాలిటీ: తేడా ఒక్క అక్షరమేనా?

పలకడానికి తేడా ఒక్క అక్షరమే, కానీ లెక్కలో కొంపలు ముంచేది కూడా అదే. రెండూ ద్రావణం గాఢతను చెప్పేవే, పదార్థాన్ని మోల్ అనే ప్రమాణంలో లెక్కించి. మొలారిటీ అంటే ఒక లీటరు ద్రావణంలో ఉన్న ద్రావితం (కరిగిన పదార్థం) మోల్‌లు. మొలాలిటీ అంటే ఒక కిలో ద్రావణికి (కరిగించుకునే ద్రవానికి) ఉన్న మోల్‌లు. ఒకదానిలో కింద ఉండేది మొత్తం ద్రావణం, ఇంకోదానిలో ద్రావణి మాత్రమే.

నీళ్లలో బాగా పలుచని ద్రావణమైతే రెండూ దాదాపు ఒకటే. గాఢత పెరిగితేనే అసలు సంగతి బయటపడుతుంది. 98 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని తీసుకోండి. దాని సాంద్రత మిల్లీలీటరుకు 1.84 గ్రాములు, అంటే లీటరు బరువు 1840 గ్రాములు. అందులో ఆమ్లం సుమారు 1803 గ్రాములు. మోలార్ ద్రవ్యరాశి (ఒక మోల్ బరువు) 98తో భాగిస్తే 18.4 మోల్‌లు, అదే మొలారిటీ. మిగిలిన నీరు 37 గ్రాములే! అంత కొంచెం నీటితో భాగించేసరికి మొలాలిటీ 500 దగ్గరికి వెళ్తుంది. సీసా ఒకటే, అంకెలు మాత్రం 18.4, 500.

ఒకదాని నుంచి ఇంకోదానికి మారాలంటే సాంద్రత తెలిసి తీరాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: లీటరు ద్రావణం బరువులోంచి ద్రావితం బరువు తీసేయడం మర్చిపోతారు.

టైట్రేషన్‌కి (తెలిసిన ద్రావణంతో తెలియనిదాని గాఢత కనుక్కునే పద్ధతికి) మొలారిటీయే హాయి, అందులో వాడే గీతల గొట్టం బ్యూరెట్ చూపేది ఘనపరిమాణమే కదా. కానీ వేడికి ద్రావణం వ్యాకోచిస్తే మొలారిటీ తగ్గుతుంది, బరువులు మారవు కాబట్టి మొలాలిటీ అలాగే ఉంటుంది. అందుకే మరిగే స్థానం, గడ్డకట్టే స్థానం లెక్కల్లో నేను మొలాలిటీనే నమ్ముతాను.