బ్రేకింగ్ బ్యాడ్, ఐదు సీజన్లు: కెమిస్ట్రీ మాస్టారైన నాన్నతో కలిసి చూశాక

ఒక సీరియల్ ఎన్ని సీజన్లు నడవాలని ఎవరైనా అడిగితే ఇకమీదట నేను ఐదు అనే చెబుతాను. ఐదు కూడా గరిష్ఠం. మొదటి సీజన్ రాసేటప్పుడే కథ ఎటు పోయి ఆగాలో రచయితకు తెలిసి ఉంటేనే ఆ ఐదైనా ఇవ్వాలి. 'బ్రేకింగ్ బ్యాడ్' రెండోసారి పూర్తిగా చూశాక వచ్చిన అభిప్రాయం ఇది. మొదటిసారి చూసినప్పుడు రాలేదు, ఎందుకంటే అప్పుడు ఫోన్లో, షిఫ్ట్ బస్సులో, సగం నిద్రలో చూశాను.

మాది కూర్మన్నపాలెం. పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో, అంటే మందుల నాణ్యత పరీక్షించే చోట, పని చేస్తున్నాను. నాన్న గాజువాకలో ఇంటర్ పిల్లలకు ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైర్ అయ్యారు. కెమిస్ట్రీ మాస్టారు హీరోగా ఒక అమెరికా సీరియల్ ఉంది నాన్నా అని ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నాను, మొన్న వానాకాలంలో ఒకరోజు సాయంత్రం ఆయనే "ఏదీ, పెట్టరా చూద్దాం" అన్నారు. నెట్‌ఫ్లిక్స్‌లో పెట్టాను. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు వేసుకుని, నాన్న చదవడానికి టైమ్ కావాలన్నప్పుడల్లా ఆపుకుంటూ, నాకు నైట్ షిఫ్ట్ లేని రోజుల్లో రెండేసి ఎపిసోడ్లు చూసేవాళ్లం. జంక్షన్ నుంచి నాన్న బజ్జీలు తెచ్చేవారు. అంతా అయ్యేసరికి రెండున్నర నెలలు పట్టింది.

చూడని వాళ్ల కోసం వివరాలు. ఏఎంసీ అనే అమెరికన్ ఛానల్లో 2008 జనవరి 20న మొదలై 2013 సెప్టెంబర్ 29న ముగిసింది. రచయితల సమ్మె వల్ల మొదటి సీజన్ 7 ఎపిసోడ్లకే ఆగింది, తర్వాత మూడు సీజన్లు 13 చొప్పున, చివరిది 16, అదీ రెండు సగాలుగా 2012లో ఎనిమిది, 2013లో ఎనిమిది. మొత్తం 62. న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీలో వాల్టర్ వైట్ అనే హైస్కూల్ కెమిస్ట్రీ టీచర్‌కు ఊపిరితిత్తుల కేన్సర్ అని తెలుస్తుంది, ఇంట్లో వాళ్లకు నాలుగు డబ్బులు మిగల్చాలని మత్తుమందు తయారీలోకి దిగుతాడు. బ్రయాన్ క్రాన్‌స్టన్ చేశాడు ఆ పాత్ర. పాత విద్యార్థి జెస్సీగా ఆరన్ పాల్. సృష్టికర్త విన్స్ గిలిగన్. హింస ఉంది, మత్తుమందు ఉంది, పెద్దవాళ్ల పక్కన కూర్చుంటే ఇబ్బంది పెట్టే సన్నివేశాలు కూడా కొన్ని ఉన్నాయి, ముందే తెలుసుకుని పెట్టుకోండి.

మొదటి ఎపిసోడ్‌లో టైటిల్ పడగానే నాన్న ముందుకు వంగారు. ఆ పేరులో రెండు మూలకాల గుర్తులు ఉంటాయి, బ్రోమిన్ 35, బేరియం 56. "పరమాణు సంఖ్యలు కూడా వేశార్రా" అని ఆయన ముఖం వెలిగిపోయింది. రెండో ఎపిసోడ్‌లో వాల్టర్ జెస్సీకి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కోసం ఫలానా ప్లాస్టిక్ డబ్బా తెమ్మని చెబుతాడు, అతను మాట వినకుండా ఇంట్లో ఉన్న స్నానాల తొట్టిలో పోసేస్తాడు. నాన్న వెంటనే "ఒరేయ్, ఆ తొట్టి పోయింది. అది గాజునే తింటుంది, అందుకే దాన్ని ప్లాస్టిక్ సీసాల్లో ఉంచుతాం" అన్నారు. కాసేపటికి పైకప్పు కూలి తొట్టి కింద పడింది. తన క్లాసులో బాగా చదివే పిల్లవాడు సరైన జవాబు చెప్పినట్టు నాన్న తల ఊపారు. ఆ రోజు నుంచి ఆ సీరియల్ ఆయనది అయిపోయింది, నేను పక్కన కూర్చున్నవాణ్ని మాత్రమే.

ఇప్పుడు ఐదు సీజన్ల సంగతి. ఈ కథ ఒక మనిషి మారిపోవడం గురించి. మంచి మాస్టారు మెట్టు మెట్టుగా విలన్ అవుతాడు. మార్పు అనేదానికి ఒక చివర ఉంటుంది, మారడానికి ఇంకేమీ మిగలనప్పుడు కథ ఆగాలి. మొదటి సీజన్లో వాల్టర్ చేతులు వణుకుతాయి, రెండోదాంట్లో అబద్ధం అలవాటవుతుంది, మూడోదాంట్లో జీతానికి పని చేస్తాడు, నాలుగోదాంట్లో యజమానితో తలపడతాడు, ఐదోదాంట్లో తనే యజమాని. ఆరో సీజన్ పెట్టి ఉంటే ఏం పెట్టేవాళ్లు? కొత్త శత్రువు, కొత్త ఊరు, మళ్లీ అదే వాల్టర్. మొదటి సీజన్లోనే జెస్సీ పాత్రను చంపేయాలని గిలిగన్ అనుకున్నాడట, ఆరన్ పాల్ నటన చూసి మనసు మార్చుకున్నాడు. అంటే దారిలో మార్పులు చేసుకున్నాడు గానీ చేరాల్సిన చోటు మార్చలేదు. నాకు కావలసింది సరిగ్గా ఇదే.

ఈ మాట అంటే అమ్మ ఒప్పుకోదు. అమ్మ 'కార్తీక దీపం' మనిషి. 2017 అక్టోబర్‌లో మొదలై 2023 జనవరి దాకా నడిచింది, 1,500 పైగా ఎపిసోడ్లు. అరగంట చొప్పున లెక్కేస్తే 750 గంటల పైమాటే, 'బ్రేకింగ్ బ్యాడ్' మొత్తం కలిపితే యాభై గంటలు ఉండదు. వంటలక్క దీపగా ప్రేమీ విశ్వనాథ్ నటనను నేను తక్కువ చేయను, మొదటి రెండేళ్లు మా ఇంట్లో ఆ టైమ్‌కి ఫోన్ మోగినా ఎవరూ తీసేవాళ్లు కాదు. కానీ కథ ముడి ఏమిటి? తనకు పిల్లలు పుట్టరని నమ్మిన డాక్టర్ బాబు భార్యను అనుమానించడం. ఒక్క పరీక్షతో తేలిపోయే విషయం. ఆ ముడిని విప్పితే సీరియల్ అయిపోతుంది కాబట్టి విప్పకుండా ఏళ్ల తరబడి జీళ్లపాకంలా సాగదీశారు, విప్పాక మరో ముడి వేశారు. 2024లో అదే జంటతో కొత్త కథగా మళ్లీ వచ్చింది, అమ్మ మళ్లీ కూర్చుంది. "రోజూ కనిపించే మనుషుల్రా, ఇంటికి వచ్చి వెళ్తున్నట్టుంటాది" అంటుంది. ఆ మాటలో నిజం ఉంది, కాదనలేను. అమ్మకు కావలసింది కథ కన్నా ఆ మనుషులు. కానీ అదే మనుషుల్ని మూడు వందల ఎపిసోడ్లలో చూపించి, గౌరవంగా పంపించేసి ఉంటే దీప పాత్ర ఇంకా గొప్పగా గుర్తుండేదని నా బాధ.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా వీధికి దాదాపు పది రోజులు కరెంటు లేదు. కరెంటు వచ్చిన సాయంత్రం అమ్మ అప్పట్లో చూసే ఇంకో సీరియల్ పెడితే, తుపానుకు ముందు ఏ పెళ్లి పందిట్లో ఆగిందో అదే పందిట్లో ఉంది. వైజాగ్‌లో చెట్లన్నీ పడిపోయాయి, మనుషులు మంచినీళ్లకు లైన్లలో నిలబడ్డారు, అక్కడ మాత్రం పీటల మీద వాళ్లు లేవలేదు. పది రోజులు వదిలేసినా ఏమీ పోని కథ మీద చూసేవాళ్లకు గౌరవం ఎలా ఉంటుంది?

అలాగని ప్రతి నెమ్మది ఎపిసోడూ సాగదీత అని నేను అనను. మూడో సీజన్ పదో ఎపిసోడ్ 'ఫ్లై' గురించి చెప్పాలి. ఎపిసోడ్ అంతా వాల్టర్ ల్యాబ్‌లో ఒక ఈగను పట్టుకోవడానికి తిప్పలు పడతాడు, అంతే. బడ్జెట్ మిగుల్చుకోవడానికి ఇద్దరు నటులు, ఒకే సెట్టుతో లాగించారు, కథ కదల్లేదని తిట్టేవాళ్లు చాలామంది. నా ఉద్యోగం అదే కాబట్టి నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. మా దగ్గర తలకు టోపీ, చేతులకు గ్లౌజులు, షూల మీద కవర్లు లేకుండా లోపలికి అడుగు పెట్టనివ్వరు, లోపల ఒక్క పురుగు కనిపించిందంటే డీవియేషన్ (నియమం తప్పిందనే రిపోర్టు) రాయాలి, అది ఎక్కడినుంచి వచ్చిందో వెతకాలి, నాణ్యతకు పూచీపడే క్యూఏ వాళ్ల సంతకం పడేదాకా ఆ బ్యాచ్ కదలదు. ఒకసారి రాత్రి షిఫ్ట్‌లో లైటు చుట్టూ తిరిగే రెక్కల పురుగు ఒకటి లోపల కనబడితే తెల్లవారేదాకా నలుగురం దాని వెనకే ఉన్నాం. చేతులకు ఇంత రక్తం అంటిన మనిషి ఈగ ఒక్కటి వాలితే సరుకు పాడైపోతుందని వణకడం చూస్తే, లోపల ఏం కుళ్లిందో అర్థమవుతుంది. వేగం తగ్గినా వాల్టర్ ఇంకొంచెం బయటపడ్డాడు. సాగదీతకూ నెమ్మదికీ తేడా ఇక్కడ తెలుస్తుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. రెండో సీజన్ పొడవునా ఈత కొలనులో తేలే గులాబీ రంగు టెడ్డీ బొమ్మను చూపించి, చివర్లో ఆకాశం నుంచి తెచ్చిపెట్టిన ఆ పెద్ద ప్రమాదం నాకు రెండోసారి కూడా అతకలేదు, నాన్న అయితే "ఇది కాకతాళీయం, కెమిస్ట్రీ కాదు" అనేశారు. వాల్టర్ మరదలు మేరీ చేతివాటం ట్రాక్ తీసేసినా పోయేదేమీ లేదు.

మిగతావాటితో పోల్చుకుంటే ఐదు ఎంత సరైన లెక్కో తెలుస్తుంది. 'మనీ హైస్ట్' స్పెయిన్‌లో ఆంటెనా 3 ఛానల్ కోసం 2017లో 15 ఎపిసోడ్లతో ముగిసిపోయిన కథ. దొంగతనం మొదలైంది, అయిపోయింది. తర్వాత నెట్‌ఫ్లిక్స్‌లో ప్రపంచమంతా చూశారని మళ్లీ తెరిచి 2021 దాకా లాగారు, టంకశాల అయ్యాక బ్యాంకు. నాకు ఆ టంకశాలతోనే సరిపోయింది. 'లాస్ట్' అనే అమెరికా సీరియల్ వాళ్లు 2007లోనే 2010లో ముగిస్తామని తేదీ చెప్పేశారు, ఆ ముగింపు నచ్చినా నచ్చకపోయినా ఆ పద్ధతి నాకు నచ్చింది.

'గేమ్ ఆఫ్ థ్రోన్స్' మాత్రం వేరే సమస్య. 8 సీజన్లు, 73 ఎపిసోడ్లు, కానీ అక్కడ దెబ్బకొట్టింది తొందర. ఆరు సీజన్లు పదేసి ఎపిసోడ్లు తీసి, ఏడోదాన్ని 7తో, ఎనిమిదోదాన్ని 6తో చుట్టేశారు. ఆ సీరియల్‌కు మూలమైన నవలల్లో ఐదో పుస్తకం 2011లో వచ్చింది, సీరియల్ అయిపోయిన 2019 నాటికి ఆరోది రాలేదు, చేతిలో మూలం లేకుండా పోయింది. మనకు ఇలాంటిది కొత్త కాదు. నన్నయ భారతాన్ని అరణ్యపర్వం మధ్యలో వదిలేసి వెళ్లిపోయాడు, తిక్కన విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు రాశాడు, మధ్యలో మిగిలిన ముక్కను ఎర్రన నన్నయ పేరు మీదే, నన్నయ నడకతో మొదలుపెట్టి తిక్కన నడకలోకి తీసుకొచ్చి పూరించాడు. వేరొకరి కథను అందుకున్నప్పుడు చూపించాల్సిన ఓపిక అది. ఆ ఓపిక ఉంటే తొమ్మిదో సీజన్ తీసినా నేను కూర్చునేవాణ్ని. ఐదు అని గట్టిగా చెబుతున్న నేనే దీనికి తొమ్మిది ఇస్తానంటున్నాను, అవును, ఎందుకంటే అంతమంది మనుషుల్ని తెచ్చి నిలబెట్టాక వాళ్లందరికీ లెక్క చెప్పాలి కదా.

ఎందుకు ఆపరు అంటే డబ్బు. అమెరికాలో ఒకప్పుడు వంద ఎపిసోడ్లు దాటితే పాత సీరియల్‌ను వేరే ఛానళ్లకు రోజువారీ ప్రసారానికి అమ్ముకోవడం సులువయ్యేది, అందుకే ఏడాదికి 22 చొప్పున ఐదేళ్లు లాగడానికి చూసేవాళ్లు. మన దగ్గర టీఆర్పీ ఉన్నన్నాళ్లూ ట్రాక్‌లు పుడుతూనే ఉంటాయి. యూనిట్‌లో లైట్‌బాయ్ నుంచి డైలాగ్ రైటర్ దాకా అందరి బతుకూ దాని మీదే, అది నాకు తెలుసు. వాళ్లకు పని పోవాలని కాదు నేను అడిగేది. ఒక కథ ముగించి, అదే యూనిట్‌తో ఇంకో కథ మొదలుపెట్టండి.

చివరి ఎపిసోడ్ ఒక ఆదివారం రాత్రి చూశాం. పేర్లు పడుతుంటే నాన్న రిమోట్ తీసుకోలేదు. కాసేపటికి "మొత్తం అరవై రెండు ఎపిసోడ్లు కదా, పరమాణు సంఖ్య అరవై రెండు అంటే సమారియం రా, దాని ఐసోటోపు ఒకటి కేన్సర్ ఎముకల్లోకి పాకినప్పుడు నొప్పికి వాడతారు" అన్నారు. కావాలని పెట్టారో కలిసొచ్చిందో నాకు తెలియదు. ఆ రాత్రంతా నాకు ఆ లెక్కే తిరిగింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి "అయిపోనాదా? మరి రాదా?" అంది. వాల్టర్ కథ ఇక లేదమ్మా అన్నాను. "అయ్యో, మీ నాన్నకి ఊసు పోదు" అంది.

జెస్సీ కథతో 2019లో ఒక సినిమా వచ్చింది, 'ఎల్ కమినో', ఒకసారి చూడొచ్చు గానీ లేకపోయినా లోటు లేదు. ఇందులోని లాయర్ సాల్ మీద తీసిన 'బెటర్ కాల్ సాల్' ఆరు సీజన్లు, 63 ఎపిసోడ్లు. నేను పెట్టుకున్న హద్దు దాటింది, అయినా అది కూడా ఒక మనిషి మారిపోయే కథే కాబట్టి వదలను. నాన్నను అడిగాను. "ఆరు సీజన్లా? దసరా అయ్యాక చూద్దాం, ముందు చిన్నదేదైనా పెట్టు" అన్నారు. అణు రియాక్టర్ ప్రమాదం మీద ఐదే ఐదు ఎపిసోడ్ల 'చెర్నోబిల్' ఉందని చెప్పాను. రియాక్టర్ అనగానే అలమరలోంచి పాత కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. శనివారం నాకు ఆఫ్.