థ్రాటిల్ కంట్రోలర్ బాక్స్: పికప్ తేడా నిజమే, అయినా తీసేశాను

కారు పికప్ పెంచుతుందని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న థ్రాటిల్ కంట్రోలర్ గురించి ఈ రివ్యూ. యాక్సిలరేటర్ పెడల్‌కీ కారు వైరింగ్‌కీ మధ్య తగిలించే చిన్న బాక్స్ ఇది. వైర్లు కోయక్కర్లేదు, పెడల్ పైన ఉన్న కనెక్టర్ ఊడదీసి మధ్యలో దీన్ని పెట్టి రెండు వైపులా క్లిక్ అనేదాకా నొక్కితే అయిపోతుంది. ఏ కంపెనీదో రాయట్లేదు, ఎందుకంటే నా అభ్యంతరం ఒక బ్రాండ్ మీద కాదు, ఈ రకం బాక్సులన్నిటి మీదా. నా కారు టర్బో పెట్రోల్ ఆటోమేటిక్.

పనితీరు సంగతి ముందు చెప్పేస్తా. బాక్స్‌ని స్పోర్ట్ మోడ్‌లో పెట్టగానే తేడా తెలుస్తుంది, అందులో అబద్ధం లేదు. కాలు ఆనిస్తే చాలు బండి ముందుకు దూకుతుంది. కానీ ఇంజిన్ పవర్ పిసరంత కూడా పెరగదు. మీరు పెడల్‌ని కొంచెమే నొక్కినా ఎక్కువ నొక్కినట్టు ఇంజిన్ కంప్యూటర్‌కి, అంటే ఈసీయూకి, చెప్పడమే దీని పని. పెడల్‌ని పూర్తిగా నొక్కితే బాక్స్ ఉన్నా లేకపోయినా వచ్చే బలం ఒకటే, కాబట్టి పవర్ ఇంత శాతం పెరుగుతుందని ఎవరైనా రాస్తే నమ్మకండి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద బాగానే ఉంటుంది, అమీర్‌పేటలో ఆఫీసులు వదిలే వేళ ముందు బైక్‌కి అడుగు దూరంలో పాకుతూ వెళ్లాలంటే మాత్రం నరకం, సెల్లార్ పార్కింగ్ ర్యాంప్ ఎక్కేటప్పుడు ఇంకా టెన్షన్. ఈకో మోడ్ దీనికి పూర్తిగా రివర్స్, కాలు మామూలుగా నొక్కితే బండి బద్ధకంగా కదులుతుంది, రెండు లైన్ల రోడ్డు మీద లారీని దాటేటప్పుడు అది అస్సలు పనికిరాదు.

నేను తీసేయడానికి కారణం ఇవేవీ కాదు, కొంచెం వివరంగా చెప్పాలి.

పాత కార్లలో పెడల్ నుంచి ఇంజిన్ దాకా ఒక ఉక్కు కేబుల్ ఉండేది. ఇప్పటి కార్లలో కేబుల్ లేదు, పెడల్ అంటే ఒక సెన్సర్, అంతే. మీ కాలు ఎంత నొక్కిందో అది వోల్టేజీ రూపంలో ఈసీయూకి చెబుతుంది, ఈసీయూ లెక్క వేసుకుని థ్రాటిల్ బాడీలో ఉన్న చిన్న మోటార్‌తో గాలి తలుపు తెరుస్తుంది. కాలికీ ఇంజిన్‌కీ మధ్య ఉన్నదంతా కరెంటూ సాఫ్ట్‌వేరూ అన్నమాట. అది వింటే భయమేస్తుంది, కానీ డిజైన్ చేసినవాళ్లు కూడా అదే భయంతో చేశారు. పెడల్‌లో ఒకటి కాదు, రెండు సెన్సర్లు ఉంటాయి, వాటి వోల్టేజీలు కావాలనే వేరుగా పెడతారు, చాలా కార్లలో ఒకటి రెండోదానికి సగం ఉంటుంది. ఇద్దరు సాక్షుల్ని విడివిడిగా విచారించినట్టు ఈసీయూ ఆ రెండిటినీ ప్రతి క్షణం పోల్చి చూస్తుంది. లెక్క కుదరకపోతే చెక్ ఇంజిన్ లైట్ వేసి, పవర్ తగ్గించి, బండిని నెమ్మదిగా పక్కకు తీసుకెళ్లేంత వేగం మాత్రమే ఇస్తుంది. థ్రాటిల్ తలుపు దగ్గర కూడా ఇలాగే రెండు సెన్సర్లు. మోటార్‌కి కరెంట్ ఆగిపోతే స్ప్రింగ్ ఆ తలుపును దాదాపు మూసేస్తుంది.

ఇప్పుడు బాక్స్ దగ్గరికి రండి. పెడల్ నుంచి వచ్చే రెండు సిగ్నళ్లూ దీని గుండానే పోవాలి, పెంచేది రెండిటినీ కలిపే పెంచాలి, లేకపోతే ఈసీయూ పట్టేసుకుంటుంది. అంటే ఈసీయూ పోల్చి చూసే రెండు మాటలూ ఒకే చోట తయారై వస్తున్నాయి. లోపల ఏదైనా తేడా వచ్చి, కాలు తీసేసినా ఆ బాక్స్ పాత విలువల జంటనే పంపుతూ ఉంటే, జంట లెక్క సరిగ్గానే ఉంటుంది కాబట్టి ఈసీయూకి తప్పు కనిపించకపోవచ్చు. నా కారులో అలా జరగలేదు. కానీ జరిగితే పట్టుకోవడానికి పెట్టిన కాపలాని నేనే నా చేత్తో పక్కకు తప్పించినట్టు అవుతుంది. లోపల చిప్ ఆగిపోతే సిగ్నల్ నేరుగా పోయే ఏర్పాటు ఉందా, ఏ ప్రమాణం ప్రకారం టెస్ట్ చేశారు అని అమ్మినవాళ్లని అడిగాను. ప్లగ్ అండ్ ప్లే సార్, చాలామంది వాడుతున్నారు, ఏ ప్రాబ్లమ్ లేదు అన్నారు. నేను అడిగిందానికి అది జవాబు కాదు.

ఇదంతా ఊరికే భయపెట్టడం అనుకునేవాళ్లు టొయోటా కథ ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి. 2009 ఆగస్టులో కాలిఫోర్నియాలో శాండియాగో దగ్గర టొయోటాకే చెందిన లెక్సస్ ఈఎస్ 350 కారు ఒకటి ఆగకుండా దూసుకెళ్లి ఒకే కుటుంబంలో నలుగురు చనిపోయారు. నడిపిన ఆయన హైవే పోలీసు, అంటే డ్రైవింగ్ రాక కాదు. అది డీలర్ తాత్కాలికంగా ఇచ్చిన కారు, అందులో వేరే మోడల్‌కి చెందిన ఫ్లోర్ మ్యాట్ వేశారు, పెడల్ దానికి చిక్కుకుంది. ఆ తర్వాత మ్యాట్ల కోసం లక్షల కార్లు, 2010 జనవరిలో పెడల్ బిగుసుకుపోతోందని ఇంకో 23 లక్షల కార్లు వెనక్కి పిలిచారు. అసలు తప్పు ఎలక్ట్రానిక్స్‌దేమో అనే అనుమానం పోకపోతే అమెరికా ప్రభుత్వం నాసా ఇంజినీర్లతో పరీక్ష చేయించింది. 2011 ఫిబ్రవరిలో వచ్చిన రిపోర్టులో, కారు అంత వేగంగా దూసుకుపోయేలా చేసే ఎలక్ట్రానిక్ లోపం ఏదీ తమకు దొరకలేదన్నారు. ఆ పరీక్షల్లోనే ఒక పాత క్యామ్రీ పెడల్ లోపల తగరం పూత నుంచి వెంట్రుక కంటే సన్నని లోహపు పోగు పెరిగి, విడిగా ఉండాల్సిన ఆ రెండు సిగ్నళ్లనూ కలిపేసిందని కూడా కనిపెట్టారు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. విడిగా ఉండాలని అంత జాగ్రత్తగా కట్టిన రెండు దారులు అంత చిన్న పోగుతో కలిసిపోతే దాని మీద నాసా స్థాయిలో చర్చ జరిగింది, మనం డబ్బు పెట్టి కొని వాటిని ఒకే బాక్స్‌లో కలుపుతున్నాం.

కథ నాసాతో అయిపోలేదు. 2007లో అమెరికాలోని ఒక్లహోమాలో 2005 మోడల్ క్యామ్రీకి జరిగిన ప్రమాదం మీద 2013లో కోర్టులో విచారణ జరిగింది. మైకేల్ బార్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఆ కారు థ్రాటిల్ కోడ్ చదివి, అందులో లోపాలున్నాయని, సాఫ్ట్‌వేర్ చేసే పనుల్లో ఒకటి (టాస్క్) మధ్యలో ఆగిపోతే థ్రాటిల్ అదుపు తప్పొచ్చని సాక్ష్యం చెప్పాడు. జ్యూరీ 30 లక్షల డాలర్ల పరిహారం ఇవ్వమంది. 2014 మార్చిలో మ్యాట్లు, పెడళ్ల విషయంలో జనాన్ని తప్పుదారి పట్టించినందుకు టొయోటా 120 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఎవరిది కరెక్ట్ అనే వాదన మీరు ఎటైనా తేల్చుకోండి, అంత పెద్ద కంపెనీ రాసిన కోడ్‌నే నిపుణులు లైన్ లైన్ చదివి తప్పులు ఎత్తి చూపించారు. ఈ బాక్స్‌లో ఉన్న కోడ్ బయటివాళ్లు ఎవరైనా చదివారా? అది అడిగినా నాకు జవాబు రాలేదు.

దీనికి దక్కాల్సిన మార్కు కూడా చెప్పాలి. మీ కారులో బ్రేక్ ఓవర్‌రైడ్ ఉంటే, అంటే బ్రేక్, యాక్సిలరేటర్ రెండూ నొక్కి ఉన్నప్పుడు బ్రేక్ మాటే వినే ఏర్పాటు ఉంటే, బ్రేక్ స్విచ్ వైరు ఈ బాక్స్ గుండా పోదు కాబట్టి ఆ రక్షణ అలాగే ఉంటుంది. మీ కారులో అది ఉందో లేదో ఓనర్స్ మాన్యువల్‌లో చూడండి, రోడ్డు మీద ప్రయోగం చేయకండి.

బాక్స్ కొన్నా కొనకపోయినా ఈ రోజే మీ కారులో డ్రైవర్ కాళ్ల దగ్గర చూడండి. యాక్సెసరీస్ షాపుల్లో వేసే మందపాటి సెవెన్ డీ మ్యాట్ మీద ఇంకో రబ్బర్ మ్యాట్, దానికి హుక్ లేదు, ముందుకు జరిగి పెడల్ కిందకు వచ్చేస్తుంది, నేను ఇలాంటి కార్లు చాలా చూశాను. పైది తీసేయండి. ఈ బాక్స్ వైర్లు వేలాడుతూ ఉంటే అవీ అంతే ప్రమాదం, కనీసం ప్లాస్టిక్ కేబుల్ ట్యాగ్ వేసి పైకి కట్టించండి.

ఎప్పుడైనా బండి తనంతట తాను లాగితే బ్రేక్ ఒకేసారి గట్టిగా నొక్కి అలాగే పట్టుకోండి, నొక్కుతూ వదులుతూ ఉంటే థ్రాటిల్ తెరిచి ఉన్నప్పుడు బ్రేక్ బూస్టర్‌లో, అంటే కాలి బలాన్ని పెంచే భాగంలో, వాక్యూమ్ అయిపోయి పెడల్ రాయిలా అవుతుంది. గేర్ న్యూట్రల్‌కి తోయండి, మాన్యువల్ అయితే క్లచ్ తొక్కండి. ఇంజిన్ అరుస్తుంది, అరవనివ్వండి. బండి ఆగాక ఆఫ్ చేయండి. నడుస్తుండగా తాళం చెవి లాగేస్తే స్టీరింగ్ లాక్ పడుతుంది. పుష్ బటన్ కార్లలో నడుస్తుండగా ఆపడానికి బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలో, వరసగా కొట్టాలో కారును బట్టి మారుతుంది, అది ఇంట్లో డ్రైవింగ్ చేసే ప్రతి ఒక్కరికీ ఇప్పుడే చూపించండి, మీ ఆవిడకీ, కొత్తగా లైసెన్స్ తెచ్చుకున్న పిల్లలకీ.

నా రేటింగ్ ఐదుకి ఒకటి, ఆ ఒకటి కూడా చెప్పిన పని చేస్తున్నందుకే. వారంటీలో ఉన్న కారైతే పెట్టే ముందు సర్వీస్ సెంటర్‌లో రాతపూర్వకంగా అడగండి, నోటి మాట సరిపోదు. పికప్ మందగించిందని దీన్ని కొనాలనుకునే పెట్రోల్ కారు వాళ్లు ముందు ఎయిర్ ఫిల్టర్ మార్పించి థ్రాటిల్ బాడీ క్లీన్ చేయించండి, మసి పట్టినా పికప్ పడిపోతుంది. క్లీన్ చేసేటప్పుడు పక్కన నిలబడి చూడండి. ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి ఆ తలుపులో ఎవర్నీ వేలు పెట్టనివ్వకండి, మోటార్ కదిలితే వేలు నలుగుతుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి తెరుస్తుంటే ఆపమనండి, లోపల ప్లాస్టిక్ గేర్ పళ్లు విరుగుతాయి. అయిపోయాక స్కానర్ పెట్టి ఐడిల్ రీలెర్న్, అంటే కాలు తీసినప్పుడు ఆ తలుపు ఎంత తెరిచి ఉండాలో ఈసీయూకి మళ్లీ నేర్పించడం, చేయించుకునే బండి తెచ్చుకోండి.